టైమౌట్ లేని గది

ముప్ఫైయేళ్ళు నా గొంతు పన్నెండు మందికే తెలుసు.
అరవై సెకన్లు. చెమట వాసనల నడుమ గొంతుక్కూర్చుని
పలక మీద గీతలు గీసి
నాలుగు మాటలు చెప్పాల్సిన చోట
మూడు తిట్లే చెప్పి లేచేసరికి
బజరు మోగేది.

ఇప్పుడు నాకో గాజుపెట్టె ఇచ్చారు.
చెవులకి రెండు నల్ల డిప్పలు,
మూతి ముందు స్పాంజి టోపీ పెట్టుకున్న మైకు,
మెడలో కార్డు: కోరాడ పైడయ్య, వ్యాఖ్యాత.
పోయినేడు ఒక్క పాయింటుతో ఫైనల్ పోయాక
యజమాని ఫోన్ చెయ్యలేదు.
ఆయన డ్రైవరొచ్చి గుమ్మంలో నిలబడి
"హాలు తాళాలు ఇచ్చీమన్నారండి" అన్నాడు.
ఇచ్చీసాను. విజిల్ మాత్రం అడగలేదు.
జేబులోనే ఉంది.

మొదటిరోజే ప్రొడ్యూసరమ్మాయి చెప్పింది:
సార్, 'మేము' అనకండి. 'మనము' అసలే అనకండి.
'వాళ్ళు' అనండి.
రాత్రి సముద్రం వైపు కిటికీ తీసి సాధన చేశాను.
వాళ్ళు. వాళ్ళు. వాళ్ళు.
హార్బర్‌లో ఏదో ఓడ కూత వేసింది,
పక్కింటాయన దగ్గాడు.

మిగతా పని నేర్చుకోవచ్చు.
స్క్రీన్ అంటే ఏమిటని మా అక్క అడిగితే చెప్పాను,
పూర్ణా మార్కెట్ సందులో అరటిగెల మోసుకుంటూ ఒకడు
అడ్డంగా నిలబడిపోతాడు చూడు,
వాడి చాటున ఇంకొకడు సులువుగా దూరిపోతాడు, అదీ.
మర్నాడు అదే మైకులో చెప్పాను.
బాగుందన్నారు. జీతం పెంచలేదు.

పెంచినా ఏం లాభం?
ఈ గదిలోంచి అంతా ముందే కనిపిస్తుంది.
మూడో క్వార్టర్లో అవతలి పొడుగుపిల్ల
బరువు ఎడమకాలి మీదికి మార్చగానే
కుడివైపు గుమ్మం తెరుచుకుంటుందని నాకు తెలుసు.
ఏడో నంబరు వాసుపల్లి పోలేశ్వరికి తెలియదు.
పెదజాలరిపేట ఇసకలో చెప్పుల్లేకుండా పరిగెడుతుంటే
నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పిల్ల,
కొత్త కోచ్ చెప్పినట్టు
ఎడమకే పోతోంది, మళ్ళీ ఎడమకే పోతోంది.

నా చేతులు వాటంతటవే పైకి లేచాయి.
ఒక అరచెయ్యి కింద ఇంకో చేతివేళ్ళు నిలబెట్టి.
గాజు అవతల కుర్రాడు చూశాడు, తలూపాడు,
టీ పంపించాడు.

మా ఎత్తులకి చేపల పేర్లుండేవి,
పై ఊళ్ళ జట్లకి అంతుపట్టకూడదని.
కానాగంత అంటే గుంపుగా ఒక్క ఊపున పరుగు.
వంజరం, ఒంటరిగా, నేరుగా రింగు కిందికి.
చందువ, పక్కకి తిరిగి, పలచనై, సందులోంచి.
పలక మీద గీతలు అర్థం కాని పిల్లలకి కూడా
చేప పేరు చెబితే కాళ్ళకి తెలిసిపోయేది.

పదకొండు సెకన్లున్నాయి. రెండు పాయింట్ల వెనకంజ.
'వాళ్ళు' అని మొదలుపెట్టిన వాక్యం
నోట్లోనే విరిగింది.
"చందువ! ఒలే, చందువ!"

అరుపు గాజుకి తగిలి నా మీదే పడింది.
పోలేశ్వరి ఎడమకే వెళ్ళింది.
బంతి ఇనుముకి కొట్టుకుని బయటికి.
అయిపోయింది. ప్రొడ్యూసరమ్మాయి నా వైపు చూడలేదు.
చల్లారిన టీ తాగి, స్కోరు చదివి,
వాళ్ళు ఓడిపోయారని చెప్పాను.

రాత్రి పదకొండున్నరకి ఫోను.
"సార్, నాను, గరికిన లోలమ్మని."
పద్దెనిమిదేళ్ళ కిందటి జట్టు. ఆట కోటాలో రైల్వే ఉద్యోగం,
దువ్వాడ స్టేషన్లో టికెట్ల కిటికీ.
"సెవుల ఈ వైరెట్టుకుని మీ మాటలింటన్నాను సార్.
కిటికీ కాడ ఓ ముసలాయన పలాసకి టికెట్టడుగుతన్నాడు.
మీరలగ అరిసేసరికి
బల్ల కింద నా కాలు దాని పాటికదే జరిగిపోనాది.
కుర్చీ తిరిగిపోనాది.
ఆయన బెదిరిపోయి రెండు టికెట్లు తీసీసుకున్నాడు."

నవ్వింది. నేనూ నవ్వాలి కాబోలు.
"ఏ కాలు?" అన్నాను.
"ఎడమది సార్."

ఎడమది.
లోలమ్మా, చందువకి ముందు కదలాల్సింది కుడికాలు.
ఆ రోజుల్లోనూ నీదిదే తప్పు.
ఫోను స్పీకర్లో పెట్టి, అక్కడే నిలబడు,
కుర్చీ వెనక్కి తొయ్యి.
మళ్ళీ మొదట్నుంచీ.